ఆ జడ ఎవరిది

కిందటి వారం కోమలి చేసిన పని మీరు మరిచిపోయి ఉండరు. నగరిలో శాంతయ్య ఇంటి కోడలు కోమలి, బిడ్డను జోకొడుతూ ఫోనులో ఒకప్పటి తార వనమాల పాత సినిమా పాట చూసింది. చూసి ఊరుకోలేక దాని కింద ఒక ముక్క రాసింది. ‘ఈ పాటలో జడ వనమాల గారిది కాదు, మా అవ్వది.’ అంతే. తెల్లారేసరికి లోకమంతా ఆమె మీద పడింది. ‘అవును, అందులో కొంగల్ని ఎగరేసింది మా తాత’ అని ఒకడు. ‘మీ అవ్వకు మాత్ర వేసి పడుకోబెట్టమ్మా’ అని ఇంకొకడు. ఆ వెక్కిరింతల నడుమ నుంచే తిరుపతి సునీల్‌కుమార్ ఫోను చేశాడు. పాత తారల మీద వీడియోలు తీసి పెట్టే మనిషి. అవ్వను చూడాలి, ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. మామతో చెప్పకుండా, మొగుడు మునిశేఖర్ చీరల మూటతో చెన్నై రైలెక్కే రోజు చూసి, రమ్మనేసింది కోమలి.

రమ్మనడం సులువే. వచ్చి కూర్చున్నాక గదా గుండెలో రాయి పడేది.

ఆమె వేళ కూడా లెక్క చూసుకునే చెప్పింది. నగరిలో మరమగ్గాలు ఆడుతున్నంతసేపు ఇంట్లో ఎవరేం మాట్లాడుకున్నా పక్కగదికి వినపడదు. అత్తాకోడళ్ల సాధింపులు, మొగుడూ పెళ్లాల రహస్యాలు, అన్నీ ఆ టకటకల చాటునే సాగిపోతాయి. వెనక షెడ్డులో శాంతయ్య మగ్గాల మధ్య ఉన్నాడు. ముందు నడవలో తాయమ్మవ్వ రాట్నం దగ్గర కూర్చుని కండెలు చుడుతోంది. శాంతయ్యను కన్నతల్లి ఆమె. కోమలి మొగుడికి నాయనమ్మ.

సునీల్‌కుమార్ చాప మీద కాళ్లు ఎటు మడవాలో తెలియక రెండుసార్లు మార్చి కూర్చున్నాడు.

“ఏమప్పా, తినేసి వచ్చినావా, ఈడ తింటావా?” అంది తాయమ్మ, దారం మీద నుంచి చూపు ఎత్తకుండానే.

“తినే వచ్చినానమ్మా. అమ్మా... కుముద అంటే మీరేనా?”

రాట్నం ఆగిపోయింది. ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ ఆ పేరు ఎవరి నోటా కోమలి వినలేదు. అవ్వే ఒకనాడు బిడ్డకు నూనె రాస్తూ, ఎవరితోనూ అనవద్దని ఒట్టు వేయించుకుని, అది సినిమాల్లో తన పేరని చెప్పింది తప్ప.

“ఆ పేరు నీకు యాడ దొరికిందప్పా?”

“పాత పాటల పుస్తకం ఒకటి చూసినాను. వెనక అట్ట మీద ఉండాది. ‘కుముద, మరికొందరు’ అని.”

తాయమ్మ నోరంతా తెరిచి నవ్వింది. ఉన్న నాలుగు పళ్లూ కనపడ్డాయి. “మరికొందరికంటే ముందరే ఏసినారు గదా. సంతోషం.”

ఆ నవ్వు చూస్తే కోమలికి ధైర్యం వచ్చింది. చాలా రోజులుగా లోపల నలుగుతున్న మాట అడిగేసింది. “అది కాదన్నా. అందరూ రంగు పూసుకునే నిలబడినారు, అందరూ కష్టపడే చేసినారు. మరి కొందర్ని జనం నెత్తిన పెట్టుకుంటారు, కొందర్ని ఊరికే మరిచిపోతారు. ఎందుకట్ల?”

“దానికి పెద్ద శాస్త్రం లేదు మా,” అన్నాడు సునీల్‌కుమార్. ఇది అతనికి ఇష్టమైన సంగతి. కాళ్ల బాధ మరిచిపోయాడు. “టీవీలో ఆదివారం పూట ఏ సినిమా వేస్తే అందులో వాళ్లు గుర్తుంటారు. రీళ్లు మిగిలితే మనిషి మిగిలినట్టు, కరిగిపోతే కరిగినట్టు. పిల్లలు నిలబడి పేరు మోస్తే విగ్రహం లేస్తుంది. వనమాల గారికి అన్నీ కుదిరినాయి. పాట నిలబడింది, కొడుకులు నిలబడినారు. అందం చెడకముందే ఆమె పోయింది.”

“రీళ్లు కరగడమేంది?”

“కరిగిస్తారు మే,” అంది తాయమ్మ. “దాంట్లో ఎండి ఉంటాది. నా మొదటి సినిమాలు రెండూ మద్రాసులో అట్లే కరగబెట్టినారంట. ఇప్పుడు ఏ పెండ్లికూతురి కాళ్లకో పట్టీలై గల్లుగల్లుమంటా ఉంటాయి. నేనిట్ల కండెలు సుట్టుకుంటా ఉండాను.” దారం తెగింది. తడి వేలితో మళ్లీ అతికించింది. “ఇంకో మాట ఇను అప్పా. సచ్చిపోయినోళ్లు పటంలోకి పోతారు. బతికినోళ్లు రేషను బియ్యానికి సంచి ఎత్తుకోని నిలబడతారు. సంచి ఎత్తుకున్న దాన్ని ఎవురు గుర్తు పెట్టుకుంటారు చెప్పు?”

సునీల్‌కుమార్ గొంతు సవరించుకుని వచ్చిన పని చెప్పాడు.

రేపు తిరుపతిలో వనమాల జయంతి సభ. ఆమెతో కలిసి పనిచేసిన వాళ్లెవరైనా ఉంటే వేదిక మీద కూర్చోబెట్టాలని వాళ్ల కోరిక. తాయమ్మ వస్తే కారు తానే పంపిస్తాడు. వనమాల మంచితనం గురించి నాలుగు మాటలు చెబితే చాలు.

“మరి జడ సంగతి?” అంది కోమలి.

అతను తల గోక్కున్నాడు. “ఆ మాట వద్దు మా. వాళ్ల కొడుకులు ముందు వరసలో కూర్చోని ఉంటారు. నేను నమ్మినా రుజువు యాడుంది? ఆ సినిమాకు పనిచేసినోళ్లు ఒక్కరూ లేరు. నీకు పడిన తిట్లు నువ్వే చూసినావు గదా.”

“అంటే మా అవ్వ పోయి ఆమెకు దండేసి రావాల్నా?”

“ఉండు మే,” అంది తాయమ్మ. తర్వాత సునీల్‌కుమార్ వైపు జరిగింది. చిన్నపిల్ల జాతర సంగతి అడిగినట్టు అడిగింది. “మైకులో పేరు పెట్టి పిలుస్తారా?”

“పిలుస్తారమ్మా.”

“తాయమ్మ అనా?”

“లేదమ్మా. కుముద గారూ అని.”

“అయితే వస్తా. ఏం చెప్పమంటే అదే చెప్తా.”

కోమలికి ఒళ్లు మండింది. “అవ్వా! నీ నోటితో నువ్వే చెప్తావా? రేపు నువ్వు ఆ గద్దె మీద ఆమెను పొగిడి దిగినావంటే, ఇంక ఏ నాటికీ ఆ జడ నీది కాదు. నిన్ను నువ్వే తుడిపేసుకున్నట్టు.”

“నాకు ఎనభై వస్తా ఉండాయి మే,” అంది తాయమ్మ మెల్లగా. “కట్టె కాలేలోపల ఒక్కసారి నా పేరు గట్టిగా ఇనాలని ఉండాది. దానికి అబద్ధం ఆడాల్నంటే ఆడతా. నిజం పట్టుకోని ఇన్నాళ్లూ కూచున్నా గదా, ఏమిచ్చింది?”

కోమలి పదో తరగతితో చదువు మానిపించి పెళ్లి చేసిన పిల్ల. ఏది న్యాయమో లోపల తెలుస్తుంది, నోటితో చెప్పబోతే మాట అందదు. ఒళ్లో పడుకున్న బిడ్డ జోషిత జుట్టు నిమిరింది.

“ఒకసారి పాట చూద్దామా అమ్మా?” అన్నాడు సునీల్‌కుమార్, మాట మార్చడానికి. ఫోను ఆమె ముందు పట్టుకున్నాడు.

తాయమ్మ దాన్ని చూసి ఎన్నేళ్లయిందో. ఈ పాట టీవీలో వస్తే చాలు, శాంతయ్య లేచి వచ్చి కట్టేసేవాడు.

పులికాట్ సరస్సు. నీళ్ల మధ్య సన్నటి ఇసుక దారి. ఒక ఆడపిల్ల మనకు వీపు చూపించి నడిచిపోతోంది. మోకాళ్ల దాకా జడ. అడుగు వేసినప్పుడల్లా జడ కుడికీ ఎడమకూ ఊగుతుంది, ఆ ఊపుకు తగ్గట్టే పాటలో డోలు పడుతుంది. ఎర్రకాళ్ల కొంగలు గుంపుగా లేస్తాయి. పిల్ల ఆగదు. పాటంతా ఆ నడకే, ఆ జడే. ఆఖరున ఆమె ఆగి, తల తిప్పి నవ్వుతుంది. ఆ మొహం వనమాలది.

“అడుగడుక్కీ నత్తగుల్లలు,” అంది తాయమ్మ, తనలో తాను అనుకుంటున్నట్టు. “కాళ్లు కోసుకోని నెత్తురు కారతా ఉంటే, చేపలు పట్టే పల్లెకారామె ఒకామె పసుపు తెచ్చి పూసింది. మెల్లగా నడిచినానని అందరూ మెచ్చుకున్నారు గానీ, నొప్పికి నడవలేకనే అట్ల నడిచింది. తిరిగి సూసేది వారం పోయినాక మద్రాసులో సెట్టేసి తీస్తామన్నారు. ఆ వారమే...”

ఆ వారమేమయిందో చెప్పేలోపల కరెంటు పోయింది.

వీధి వీధంతా మగ్గాలు ఒక్కసారిగా నిలిచిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఫోనులో పాట ఇల్లంతా గుప్పుమంది. కోమలి గబగబా చెయ్యి చాచింది. సునీల్‌కుమార్ కంగారులో ఆపబోయి ఇంకా గట్టిగా పెట్టి, ఆనక ఆపగలిగాడు.

వెనక తలుపు తోసుకుని శాంతయ్య వచ్చాడు. అరవై దగ్గర పడిన మనిషి. తలనిండా, కనుబొమల నిండా దూది నూగు. నడవ గడప మీద నిలబడి, ముందు ఫోను చూశాడు, తర్వాత మనిషిని చూశాడు.

“ఎవురప్పా నువ్వు?”

“సార్, నేను తిరుపతి నుంచి...”

“ఈ పాట నా ఇంట్లో ఇనపడగూడదని చెప్పినానా లేదా?” ఆ మాట అతనితో కాదు, తల్లితో.

“అవ్వకేం తెలీదు మామా,” అంది కోమలి. “నేనే రమ్మన్నాను.”

“నువ్వు రమ్మంటావు. ఫోనులో రాస్తావు. రేపు వీధిలో తలొంచుకోని నడిచేది మేము.” ఆ సంగతీ అతనికి తెలిసిపోయిందన్నమాట. “నీకేం తెలుసును మా? సత్యవేడు కాడ నుంచి నిన్న గాక మొన్న వచ్చినావు. బళ్లో నన్ను శాంతయ్యా అని పిలిచినోడు ఒక్కడు లేడు. సినిమాదాని కొడకా, మీ అమ్మ ఎవురెవురితో ఆడింది రా అని అడిగేటోళ్లు. పంతులు గూడా నవ్వేటోడు.”

పక్కింటి గ్రేసీ గోడ మీద నుంచి తల పెట్టింది. “ఏం శాంతన్నా, కరెంటు ఎప్పుడొస్తాదంట?”

“నన్నడిగితే? కరెంటాఫీసుకు ఫోన్ చెయ్యి,” అని కసిరాడు. తల వెనక్కి పోయింది కానీ, పక్కింట్లో నుంచి గిన్నె చప్పుడు కూడా రాలేదు. మగ్గాలు ఆగితే వీధికంతా చెవులే.

“రే శాంతయ్యా, కూచో,” అంది తాయమ్మ.

“కూచోను. ఏమ్మా, ఇంకా ఆశ తీరలేదా నీకు? నాకు రెండేండ్లు. ఒళ్లు కాలి ఫిట్సు వచ్చి, కండ్లు తేలేసి, కుప్పవ్వ ఒళ్లో కొట్టుకుంటా ఉండా. నువ్వు యాడుండావు? పులికాట్లో పాటకు నడుస్తా ఉండావు!”

కుప్పవ్వంటే శాంతయ్య నాయనమ్మ, తాయమ్మకు అత్త. పోయి చాలా కాలమైంది.

తాయమ్మ రాట్నం పక్కకు జరిపింది. ఆమె గొంతు పైకి లేవలేదు. “నడుస్తానే ఉండా. మీ నాయన లారీలో వచ్చి చెప్పినాడు. కాళ్లకు కట్టిన గుడ్డ కూడా ఇప్పకుండా ఎక్కేసినా. ఇంటికొచ్చేసరికి మా అత్త వాకిట్లోనే నిలేసింది. ‘నీ బిడ్డ బతికితే నీ తల ఇస్తానని ఏడుకొండలవాడికి మొక్కినాను. గుండు కొట్టించుకుంటావా, బిడ్డను పోగొట్టుకుంటావా’ అనింది. ఇంక నేను ఆలోచన చేస్తానా? నువ్వు లేచి గంజి తాగిన రోజే కొండకు పోయినాము.”

కోమలికి పోయిన నెల గుర్తొచ్చింది. జోషితకు జ్వరం తలకెక్కి పళ్లు బిగుసుకున్నప్పుడు, తాను కొండ వైపు తిరిగి చేతులు జోడించింది. నోరు తెరిచేలోపల అవ్వ అరచెయ్యి వచ్చి ఆ నోటిని గట్టిగా మూసింది. ‘మొక్కొద్దు మే. ముందు ఆస్పత్రికి పద’ అంది. ముసలిదానికి బిడ్డ మీద కనికరం లేదనుకుని ఆ రాత్రి ఎంత ఏడ్చిందో కోమలి.

“కల్యాణకట్టలో కత్తి పెట్టేటప్పుడు,” అంది తాయమ్మ, “మీ నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. నాకంటే ఎక్కువ ఏడ్చినాడు. జడ కింద పడితే దాన్ని సూడలేక మొగం తిప్పుకున్నాడు. ఆ ఏడుపు సూసినాను గాబట్టే తట్టుకున్నా. బోడితలతో మద్రాసుకు పోతే ప్రొడ్యూసరు నన్ను గేటు కాడే నిలబెట్టినాడు. విగ్గు పెట్టుకుంటానన్నా. శుభమా అని పాట తీస్తా ఉంటే గుండుతో ఎదురొస్తావా అన్నాడు. ఆ సాయంత్రమే వనమాలకు రంగు పూసినారు. ఆ పిల్లదీ తప్పు లేదు, పిలిస్తే వచ్చింది. పాటంతా నా వీపు, ఆఖర్న ఆమె మొగం. జనానికి మొగమే గదా గుర్తుండేది.” కొడుకును నిదానంగా చూసింది. “నీ కోసమే రా. నిన్ను ఇడిసిపెట్టి పోయినానని ఇన్నాళ్లూ అంటివి, పడితిని. ఈ పొద్దు ఈ బయటి మనిషి ముందర అన్నావు గాబట్టి చెప్తా ఉండా. నీ కోసమే ఇచ్చినా.”

ఆ మాట నెత్తిన పడితే మోయలేని మనిషి ఏం చేస్తాడు? కోపమే తెచ్చుకుంటాడు. శాంతయ్య చేత్తో తలుపు కొట్టాడు.

“ఎవురియ్యమన్నారు నిన్ను గుండు? నా కోసం, నా కోసం అని నా మెడకు కట్టొద్దు! మూడు కత్తెర్లే గదా కుప్పవ్వ మొక్కుకునింది!”

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు.

మూడు కత్తెర్లు. ఆడవాళ్లు జుట్టు కొసన మూడుసార్లు కత్తిరించి ఇచ్చే మొక్కు. బొటనవేలంత పోతుంది. మర్నాడు జడ వేసుకుంటే ఎవరికీ తెలియను కూడా తెలియదు. మద్రాసులో ఎవరూ గేటు దగ్గర నిలబెట్టరు.

సునీల్‌కుమార్ ఫోను తిప్పి చాప మీద బోర్లా పెట్టాడు.

“ఏమంటివి?” అంది తాయమ్మ.

“ఏం లేదు.”

“ఏమంటివి రా?”

శాంతయ్య కనుబొమల మీది నూగు తుడుచుకున్నాడు. తుడిచినచోటే మళ్లీ తుడుచుకున్నాడు. “కుప్పవ్వ పోయేముందర చెప్పింది. మూడు కత్తెర్లకే మొక్కినా, మీ అమ్మకు గుండని చెప్పినా అని. నా బదులు నువ్వు మీ అమ్మ కాళ్లు పట్టుకోరా అనింది. నేను... ఇంటికి మేలే అయింది గదా అనుకున్నా. సినిమా తప్పింది, ఇంట్లో ఉండావు. ఇంక దాన్ని తవ్వేది ఎందుకని.”

తాయమ్మ చెయ్యి మెడ వెనక్కి పోయింది. అక్కడ ఉన్నది ఉసిరికాయంత తెల్ల ముడి. దాన్ని పట్టుకుని అలాగే కూర్చుంది. ఏ ఒక్క రోజూ అత్తకు వంట మానలేదని, అత్త మంచం పట్టినప్పుడు ఒక్కతే ఎత్తి పడుకోబెట్టిందని, కోమలికి అవ్వ చెప్పిన ముచ్చట్లన్నీ గుర్తొచ్చాయి. ఆ అత్తకేనా ఇన్నేళ్లు ఈమె తద్దినం పెట్టింది?

ఏడుస్తుందనుకుంది కోమలి. ఏడవలేదు. తాయమ్మ ఒకే ఒక్క మాట అడిగింది.

“మీ నాయనకు తెలుసునా?”

శాంతయ్య తల్లి వైపు చూడలేదు. కోడలి వైపు చూశాడు. “కోమలీ, పాపను ఎత్తుకోని లోపలికి పో మా.”

పెళ్లయి వచ్చిన నాటి నుంచి మామ లోపలికి పొమ్మంటే పోయింది, రమ్మంటే వచ్చింది. ఈసారి కాళ్లు లేవలేదు. బిడ్డను ఇంకొంచెం దగ్గరికి పొదువుకుని అక్కడే కూర్చుంది.

“అది ఉండనీ,” అంది తాయమ్మ. “అదీ ఇనాల. రేపు దాని తలను గూడా ఎవురో ఒకరు మొక్కుతారు. నువ్వు చెప్పు. తెలుసునా, తెలీదా?”

శాంతయ్య వీధి వాకిలి దాకా పోయి, ద్వారబంధానికి వీపు ఆనించి గడప మీదికి జారి కూర్చున్నాడు. గోడ అవతల గ్రేసీ ఊపిరి తీస్తోందో లేదో.

“తెలుసునా అని అడగబాకమ్మా,” అన్నాడు. గొంతు రెండేళ్ల బిడ్డ గొంతులా సన్నబడిపోయింది. “అట్ల చెప్పమని అవ్వకు నేర్పించిందే నాయన.”

కత్తి పెట్టేటప్పుడు చెయ్యి పట్టుకున్న మనిషి. తనకంటే ఎక్కువ ఏడ్చిన మనిషి. ఆ ఏడుపు దేనికోసం ఏడ్చినట్టు?

తాయమ్మ గోడ పట్టుకుని లేచింది. కోమలి చెయ్యి అందివ్వబోతే వద్దన్నట్టు తల ఊపింది. చీర మీద పడిన నూలుపోగులు ఒక్కొక్కటే దులుపుకుంది. సునీల్‌కుమార్ వైపు తిరిగింది.

“రేపు సభ ఎన్ని గంటలకప్పా?”

“ప... పదింటికమ్మా. వీలుకాకపోతే పరవాలేదు, నేను వాళ్లకు చెప్పుకుంటా.”

“వస్తా. నువ్వు కారు పంపించు. పేరు మాత్రం కుముద అనే పిలవమను.”

“అట్లేనమ్మా. అయితే... వనమాల గారి గురించి నేను చెప్పిన మాటలు...”

“ఏం చెప్తానో అడగబాక,” అంది తాయమ్మ. “నాకే తెలీదు.”

కొంగు బిగించి, ఇంక ఆ ఇంట్లో నిలవలేనట్టు వీధి వాకిలి దగ్గర చెప్పుల వైపు అడుగు వేసింది. గడపకు అడ్డంగా కొడుకు కూర్చునే ఉన్నాడు.